గాజుగొట్టంల ఇరవై నిమిషాలు

రాత్రి రెండున్నరకు ఓదెలును తెచ్చిండ్రు.
పరకాల దిక్కు ఊరు.
త్రీఫేజ్ కరెంటు అప్పుడే ఇస్తరని
మక్కచేనుకు నీళ్లు మలపబోయిండు.
టార్చిలైటుల బ్యాటరీ సగమే.
మడిమ పైన రెండు చుక్కలు,
ఎవరో బాల్‌పెన్నుతో పెట్టి మరిచిపోయినట్టు.

ఏం పామని అడిగితే తమ్ముడు సెల్లు చూపిచ్చిండు.
గట్టు మీద చీకటి. దాంట్ల ఇంకింత చీకటి.

పామును చూడకపోతే నెత్తుర్ని అడగాలె.
కడిగి ఆరబెట్టిన గాజుగొట్టంల రెండు మిల్లీలీటర్లు తీసి
కదలకుండ నిలబెట్టి
గడియారం దిక్కు చూసుకుంట కూసున్న.
వరంగల్ పెద్దాసుపత్రిల పదకొండేండ్ల నౌకరి నాది,
ఇంత పొడుగు నిమిషాలు ఇంకెక్కడ చూడలే.
కాజీపేట దిక్కు ఒక గూడ్సు పోయింది.
ఇంకోటి పోయింది.
వంచి చూస్తే
నీళ్లలెక్క జారింది నెత్తురు,
గడ్డ కట్టుడు మరిచిపోయి.

రక్తపింజర.

పది సీసాలు తీసిన. అడుగున తెల్లటి పొడి.
నీళ్లు పోసి ఊపొద్దు, నురగొస్తది.
అరచేతుల నడుమ మెల్లగ దొర్లియ్యాలె
దీపానికి వత్తి చేసినట్టు.

ఎక్కడో ఒక లాయంల
సూదిమొనంత సూదిమొనంత విషం ఎక్కించుకొని
నెలలకు నెలలు దాన్ని చదివింది ఒక గుర్రం.
నాలుగు పాముల నాలుగు చదువులు.
చదివిందంత దాని నెత్తుట్ల పంగలకర్రలై పుట్టింది.

పుస్తకంల ప్రతిరక్షకం అని రాసుంటది.
డాక్టర్లు యాంటీబాడీ అంటరు.
నాకు మాత్రం పంగలకర్రే.
కొత్తవాడల జంపఖానాలు నేసే మా మేనమామకు చెప్పాల్నంటే
రెండు పొడుగు పోగులు, రెండు పొట్టి పోగులు,
నడుమ గంధకపు ముళ్లు.
కింది కాండం అన్నిటికి ఒక్కతీరే.
కొసలే వేరు.
ఒక్కో కొస ఒక్కో విషపు వంపుకు కొలిచి నేసినట్టుంటది,
పక్క విషం ఎదురొస్తే తలెత్తి గూడ చూడదు.
తనది దొరికితే రెండు చేతుల పట్టి
ఇంక దేన్నీ ముట్టనియ్యదు.
చంపుడు దానికి రాదు. పట్టుకొని ఉంటది, అంతే.
మిగతాది ఒళ్లే ఊడ్చుకుంటది.

ఆ కాండానికి ఒక గొంతున్నది.
"ఈడున్నడు, రాండ్రి" అని తెల్లకణాలను పిలిచేది అదే.
గుర్రం భాషల పిలిస్తే మనిషి ఒళ్లు బెదురుతదని
ఫ్యాక్టరీల దాన్ని కోసేస్తరు.
సీసాలకు వచ్చేటివి గొంతు లేని చేతులు.

మా తాత టేషన్ కాడ జట్కా తోలేటోడు.
గుర్రం పేరు మోతి.
హన్మకొండ ఎత్తు ఎక్కనంటే
చెర్నాకోల తిరగేసి కొట్టేటోడని నాయినమ్మ చెప్పేది.
సెలైన్ బుడ్డిల చుక్క చుక్క దిగుతుంటే
నేను చూడని ఆ దెబ్బలు యాదికొచ్చినయి.

డ్యూటీ ఎనిమిదింటికే అయిపోయింది. పోలే.
తొమ్మిది దాటినంక మళ్ల గాజుగొట్టం, మళ్ల ఇరవై నిమిషాలు.
వంచితే జారలే.
అడుగున నేరేడుపండంత గడ్డ.
"గడ్డ కట్టుడు మంచిదేనా సిస్టరమ్మా?"
ఓదెలు భార్య సారక్క.
ఇయ్యాల మంచిదే అన్న.

పదో రోజు మళ్లొచ్చిండు.
ఒళ్లంత దద్దుర్లు, కీళ్లనొప్పులు, సన్నజ్వరం.
"విషం మళ్ల లేసిందా?"
లేదు ఓదెలూ, నీ ఒళ్లు గుర్రాన్ని గుర్తుపట్టింది.
గొంతు కోసినా చేతులు చూసి
మనది కాదనుకొని
తన పంగలకర్రలు తాను నేసుకొని
కాపాడిన దాని మీదికే పోయింది.

"గింత మర్యాద లేని ఒళ్లా నాది!"
ఒంటికి మర్యాద తెల్వదు,
గుర్తుపట్టుడొక్కటే తెలుసు.
డాక్టరు గోలీలు రాసిచ్చిండు. వారంల తగ్గుతది.

దర్వాజ దాటినోడు మళ్ల తిరిగొచ్చిండు.
"ఆ గుర్రం ఏడుంటది?
ఒక బస్తా మక్కలు పంపుదామని."

ఖాళీ సీసా తిప్పి చూసిన.
బ్యాచి నంబరున్నది. ఆఖరి తేదీ ఉన్నది.
గుర్రం పేరు లేదు.